టేప్ వేగం పెంచితే పొరలు చేత్తో ఊడొస్తున్నాయి, నా వేడి లెక్కలో తప్పెక్కడ?

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. మాది గుణుపురం, ఎంటెక్ రెండో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టు థర్మోప్లాస్టిక్ కాంపోజిట్ టేపుల మీద. పండక్కి ఇంటికొచ్చాను కానీ మనసంతా ఈ లెక్క మీదే ఉంది, నాలుగు రోజులుగా సరిగా నిద్ర లేదు. బడి చదువంతా ఒడియా మీడియంలో సాగింది, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, ఎక్కడైనా పదం కుదరకపోతే సర్దుకోండి.

పని ఏమిటంటే, కార్బన్ ఫైబర్‌కి పీక్ అనే ప్లాస్టిక్ పట్టించిన టేపు ఉంటుంది, మాది 12 మి.మీ. వెడల్పు, 0.15 మి.మీ. మందం. రోబో చెయ్యి దాన్ని వరసలు వరసలుగా పరుచుకుంటూ పోతుంది. ముందు లేజర్ వేడి చేస్తుంది, వెంటనే రోలర్ నొక్కుతుంది. తర్వాత ఆటోక్లేవ్‌లో (వేడి, ఒత్తిడి పెట్టే పెద్ద మూత పాత్ర) పెట్టే పని లేకుండా అక్కడికక్కడే అతుక్కుపోవాలి, అదీ దీని గొప్ప. చెరకు రసం మిషన్‌లో గడ రోళ్ల మధ్యకి దూరే చోటు ఉంటుంది చూడండి, అలాంటి చోటే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. పైనుంచి టేపు, కింద ఇదివరకు పరిచిన పొరలు, రెండూ అక్కడే కలుస్తాయి. పీక్ 343 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మేము 420 పెట్టుకున్నాం.

సెకనుకు 100 మి.మీ. వేగంతో చేసిన ముక్కలు గట్టిగా ఉన్నాయి. వేగం 200కి పెంచి, థర్మల్ కెమెరాలో అదే 420 కనిపించేటట్టు పవర్ సర్ది చేసినవి మాత్రం చేత్తో లాగితే ఊడిపోతున్నాయి. ఊడిన రెండు ముఖాలూ నున్నగా మెరుస్తున్నాయి, ఒక్క పీచు కూడా లేవలేదు. వేడి లెక్క వేసే నా కంప్యూటర్ మోడలేమో రెండు వేగాల్లోనూ కెమెరాతో చక్కగా సరిపోతోంది! పొరల మధ్య కాంటాక్ట్ రెసిస్టెన్స్ (ఒకదాన్నుంచి ఇంకోదానికి వేడి దాటడానికి ఉండే అడ్డు) పెంచి చూడమని ఒక సీనియర్ అన్నారు. పెంచితే గ్రాఫు గీత నాకు కావలసినట్టే వస్తోంది, కానీ ఎందుకు పెంచావని వైవాలో అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏం చెయ్యమంటారు?

జయపురం_జర్మనీ

చెల్లీ, మాది జయపురం, ఇప్పుడు జర్మనీలో ఇదే పని చేస్తున్నాను. కాంటాక్ట్ రెసిస్టెన్స్ జోలికి ఇప్పుడే వెళ్లకు, ముందు రెండు సంగతులు చెప్పు. నీ మోడల్ ఒక దిక్కుదా, రెండు దిక్కులదా? మెష్ (మందాన్ని ఎంతెంత ముక్కలు చేశావో) ఎంత, టైమ్ స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగు కాలం) ఎంత? ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి (ఇప్పటి ఉష్ణోగ్రతల నుంచి నేరుగా తర్వాతి క్షణానివి లెక్కించేది) అయితే చాలామంది అక్కడే దెబ్బతింటారు.

వంశధార_ఒడ్డు

అన్నా, ఒక్క దిక్కే, మందం వెంబడి. పొరకి అడ్డంగా ఉష్ణవాహకత 0.6, సాంద్రత 1560, విశిష్టోష్ణం 1300 తీసుకున్నాను, ప్రస్తుతానికి ఉష్ణోగ్రతతో మార్చలేదు. మెష్ 10 మైక్రాన్లు. మొదట్లో టైమ్ స్టెప్ 1 మిల్లీసెకను పెడితే ఉష్ణోగ్రతలు వేలల్లోకి వెళ్లి మైనస్‌లోకి దూకాయి, చాలా భయపడ్డాను. తర్వాత లెక్క వేసుకుంటే 0.17 మిల్లీసెకను దాటకూడదని తెలిసింది. ఇప్పుడు 0.1 పెట్టాను, నిలకడగా ఉంది.

జయపురం_జర్మనీ

సరే, అది బాగుంది. ఒక దిక్కు చాలు కూడా. ఫైబర్ వెంబడి వేడి పదింతలు ఎక్కువ తేలిగ్గా పారుతుంది నిజమే, కానీ నీ రోబో తల (లేజర్, రోలర్ ఉన్న భాగం) సెకనుకు 100 మి.మీ. పోతోంది, వేడి చేసే నిడివి 20 మి.మీ. అనుకుంటే పెక్లే సంఖ్య (కదలికతో పోయే వేడికి, వహనంతో పాకే వేడికి నిష్పత్తి) 600 పైన వస్తుంది. ఆ దిక్కులో వహనం వల్ల వేడి ముందుకు పాకేలోపే తల దాటిపోతుంది, వదిలేసినా తప్పు లేదు.

మహేంద్రతనయ_మాస్టారు (పర్లాకిమిడి)

అమ్మాయ్, నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని. మీ టేపులు ఎప్పుడూ చూడలేదు కానీ వేడి ఎక్కడైనా వేడే కదా. కంప్యూటర్ని పక్కన పెట్టి కాగితం మీద వేసి చూశాను, నువ్వూ వేసి చూడు, ఒక లెక్క చేత్తో వేస్తేనే దాని మీద నమ్మకం కుదురుతుంది.

కింద పరిచిన పొరల్ని మందమైన దిమ్మ అనుకో. దాని మీద వేడి సమంగా పడుతూ ఉంటే పైముఖం ఉష్ణోగ్రత కాలానికి వర్గమూలంలా పెరుగుతుంది. 20 మి.మీ. నిడివి, 100 వేగం అంటే ఒక చోట వెలుగు పడేది 0.2 సెకను. ఆ కాస్తలో వేడి దిగే లోతు అర మిల్లీమీటరుకి అటూ ఇటూ, అంటే మూడు పొరలు. 25 నుంచి 420కి ఎక్కాలంటే చదరపు మీటరుకి సుమారు 8.6 లక్షల వాట్లు లోపలికి ఇంకాలి. వేగం 200 చేస్తే కాలం సగమవుతుంది, కానీ వర్గమూలం వల్ల కావలసిన వేడి రెట్టింపు కాదు, 1.4 రెట్లే. 12.2 లక్షలు. నువ్వు పవర్ సర్దినప్పుడు కూడా సుమారు ఇంతే పెంచి ఉంటావే?

వంశధార_ఒడ్డు

మాస్టారూ, నమస్కారం! అవునండి, 1.4 రెట్లే పెంచాం! కెమెరా 420 చూపించగానే ఆపేశాం. మీ లెక్క, నా ప్రోగ్రామ్ దగ్గర దగ్గరగా సరిపోయాయి. మరి ఊడిపోవడం ఎందుకండి?

పైపులైను_రాయగడ

నేను చదువుకున్నది ఐటీఐ. ఇంజనీర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో రావచ్చో లేదో తెలీదు కానీ ఒక మాట చెప్తాను. మేం కొండల మీద ఊళ్లకి హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) నీళ్ల పైపులు వేస్తాం. రెండు పైపుల మూతుల మధ్యన హీటర్ ప్లేటు పెట్టి, రెండిటినీ దానికి ఆనించి కరిగిస్తాం, ప్లేటు లాగేసి వెంటనే నొక్కేస్తాం. చుట్టూ బీడ్ వస్తుంది, మడతపడ్డ పెదవిలాగ. ఆ బీడ్ రెండువైపులా సమానంగా లేదంటే ఆ జాయింటు కోసేసి మళ్లీ వేయాలి, ఎవరు ఏం చెప్పినా అంతే. ఒక పైపు మూతి బాగా కరిగి, రెండోది సరిగా కరగకపోతే బయటికి జాయింటులాగే కనిపిస్తుంది, నీళ్లు వదిలాక కక్కేస్తుంది. తెంపి చూస్తే మీరు చెప్పినట్టే నున్నగా ఉంటుంది. దాన్ని చల్ల జాయింటు అంటాం.

మీరు కింద పొర వేడి గురించే చెప్తున్నారు. పైనుంచి వచ్చే టేపు వేడి ఎవరు చూశారు?

జయపురం_జర్మనీ

రాయగడ అన్నా, మీరు మధ్యలో రావడమేంటి, అసలు ప్రశ్న మీరే అడిగారు.

వంశధార_ఒడ్డు

ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా మోడల్‌లో టేపు లేదు. అంటే టేపు కూడా కింది పొర ఉన్నంత వేడితోనే వచ్చి కలుస్తుందని మొదటి రోజే ఒక లైను రాసి వదిలేశాను, తర్వాత దాన్ని మళ్లీ చూడనే లేదు. కెమెరా కూడా పక్క పై నుంచి చూస్తుంది, దానికి కింది పొరే బాగా కనిపిస్తుంది, టేపు వేడెక్కే ముఖం రోలర్ వైపు వంగి ఉంటుంది కాబట్టి దాదాపు కనపడదు.

జయపురం_జర్మనీ

ఆ ఒక్క లైనే నీ ముక్కల్ని ఊడదీస్తోంది. ఎందుకో చూడు.

కింది పొరలు దిమ్మ లాంటివని మాస్టారు చెప్పారు, లోపలికి వేడి పారిపోవడానికి చోటుంది. టేపుకి ఆ చోటు లేదు. 0.15 మి.మీ. మందం దాటి వేడి అవతలికి చేరడానికి పట్టే కాలం 0.075 సెకను, మందాన్ని వర్గం చేసి, వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పే విసరణ గుణకంతో భాగిస్తే వచ్చేది. 0.2 సెకను వెలుగు పడితే టేపు మొత్తం నిండిపోతుంది. గిన్నెలో నీళ్లలాగ, పోసిన కొద్దీ మట్టం పెరుగుతుంది. అంటే టేపు దాదాపు కాలంతో పాటే సూటిగా వేడెక్కుతుంది, వర్గమూలంలా కాదు.

నీ అంకెలతోనే వేశాను. 100 వేగంలో టేపు వేడెక్కే ముఖం 420 చేరాలంటే చదరపు మీటరుకి 5.3 లక్షల వాట్లు చాలు. 200 వేగంలో 9.6 లక్షలు కావాలి. కింది పొరకి 1.4 రెట్లు పెంచితే చాలు, టేపుకి 1.8 రెట్లు కావాలి. లేజర్ తల వంపు మార్చకుండా పవర్ ఒక్కటే పెంచితే రెండిటికీ 1.4 రెట్లే పెరుగుతుంది. అప్పుడు టేపుకి దక్కేది 7.5 లక్షలు, దాని వేడెక్కే ముఖం 336 దగ్గర ఆగిపోతుంది, మందమంతా సగటు చూస్తే 273. పీక్ కరిగేది 343 దగ్గర. కెమెరా 420 చూపిస్తూనే ఉంటుంది, టేపు మాత్రం కరగలేదు.

నేను కొత్తగా చేరినప్పుడు ఇదే రకం ముక్కలు కుప్పలుగా చేశాం, తప్పు రోలర్ ఒత్తిడిదని చాలా రోజులు రోలర్లు మార్చాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొమ్ముపని_ఇంటివాణ్ణి (పర్లాకిమిడి)

ఇలాంటి చర్చ తెలుగులో చదవడం చాలా సంతోషంగా ఉంది. మాది కొమ్ము పని చేసే ఇల్లు, పర్లాకిమిడిలో ఇప్పుడు ఈ పని చేసే ఇళ్లు తగ్గిపోతున్నాయి. గేదె కొమ్ముని మా నాన్న నిప్పుల మీద పట్టుకుని అలా తిప్పుతూనే ఉంటారు, ఒక పక్కనే కాల్చరు. చేతికి కాస్త వంగుతోందని తెలిసిన క్షణంలో తీసి పలకల మధ్య బిగిస్తారు. ఒక పక్కే వేడెక్కిందంటే కొంగ బొమ్మ మెడ వంచేటప్పుడు ఆ చల్లటి పక్క పగులుతుంది, వారం రోజుల పని పోతుంది. ఆయన ఏ కెమెరా చూడరు, వాసన చూస్తారు, వేళ్లతో చూస్తారు. కొమ్ము మీ ప్లాస్టిక్‌లా కరగదు, మెత్తబడుతుందంతే, అది తెలుసు. కానీ రెండు పక్కలా వేడి ఉండాలనే మాట ఆయన నోటి నుంచి రోజూ వింటాం కాబట్టి రాయాలనిపించింది.

వంశధార_ఒడ్డు

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఊరు దాటే లోపు వీలైతే వచ్చి చూస్తాను.

ప్రోగ్రామ్ మళ్లీ రాశాను, ఇప్పుడు టేపు, కింది పొరలు వేరు వేరుగా వేడెక్కి రోలర్ కింద కలుస్తాయి. అన్న చెప్పిన అంకెలే దాదాపుగా వచ్చాయి. కరగడానికి పట్టే వేడి కూడా కలిపాను, ఊహించినంత లేదు. పీక్ పూర్తిగా స్ఫటికమైతే గ్రాముకి 130 జౌళ్లు, టేపులో ప్లాస్టిక్ బరువు మూడో వంతు, అందులో స్ఫటికం 30 శాతం, అన్నీ గుణిస్తే టేపుకి ఎక్కించే మొత్తం వేడిలో 3 శాతం లోపే. మొదటి లెక్కలో వదిలేసినా పర్వాలేదని అర్థమైంది.

ఇంకొక అనుమానం. రోలర్ సిలికోన్‌ది, నొక్కినప్పుడు ఉబ్బి ముందుకు వస్తుంది. లేజర్ సరిగ్గా కలిసే చోటు దాకా పడదేమో, ఒక మిల్లీమీటరు నీడ ఉంటుందనుకుంటున్నాను. వేగం 200 అయితే ఆ మిల్లీమీటరు దాటడానికి 5 మిల్లీసెకన్లు. అంత తక్కువ కాలంలో ఏం చల్లారుతుందిలే అని వదిలేయొచ్చా?

పైపులైను_రాయగడ

వదలొద్దమ్మా. మేం ప్లేటు లాగాక మూతులు కలిపే లోపు గాలి కొడితే జాయింటు పోతుంది. కొండ మీద గాలి ఎక్కువ, అందుకే తార్పాలిన్ కట్టి చేస్తాం. మధ్యలో పోయే సెకన్లే చెడగొడతాయి.

మహేంద్రతనయ_మాస్టారు (పర్లాకిమిడి)

ఆయన చెప్పింది నిజం, ఇక్కడ కారణం మాత్రం గాలి కాదు. వెలుగు ఆగిన క్షణం నుంచి పైముఖం వేడి లోపలి చల్లటి పొరల్లోకి దిగిపోతుంది. గాలి తీసుకునేది దాని ముందు లెక్కలోకి రాదు.

కాగితం మీద వేశాను. 20 మి.మీ. వెలుగు, తర్వాత 1 మి.మీ. నీడ. 21 వర్గమూలంలోంచి 1 వర్గమూలం తీసేసి, 20 వర్గమూలంతో భాగించు. 0.8 వస్తుంది. అంటే కింది పొర సంపాదించుకున్న పెరుగుదలలో అయిదో వంతు ఆ ఒక్క మిల్లీమీటరులో పోతుంది, 420 ఉన్నది 341 అవుతుంది! ఇంకో సంగతి గమనించు, ఈ నిష్పత్తిలో వేగమే లేదు, నిడివులే ఉన్నాయి. ఎంత వేగంగా నడిపినా ఆ అయిదో వంతు పోతుంది. నీడ 3 మి.మీ. అయితే దాదాపు మూడో వంతు. అందుకని ఆ నీడ ఎంతో కచ్చితంగా కొలువు, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యమనిపిస్తోంది.

వంశధార_ఒడ్డు

మాస్టారూ, 80 డిగ్రీలా! నేను 5 డిగ్రీలు అనుకున్నాను. ఇప్పుడు 100 వేగంలో ఎందుకు నిలిచాయో కూడా తెలుస్తోంది. కింది పొర 341కి పడిపోయినా టేపు నిండా వేడి ఉంది, మందం సగటే 376, అది కింది పొరని కలిసే చోట లేపుతుంది. 200 వేగంలో టేపు దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, రెండూ చల్లగానే కలిశాయి.

బ్రహ్మపురం_ల్యాబ్

ఆలస్యంగా చూశాను. థర్మల్ కెమెరాలతో రోజూ పని చేస్తాను కాబట్టి అది ఒక్కటి చెప్తాను. కార్బన్ ఫైబర్ ఉపరితలానికి ఎమిసివిటీ (వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.9 చుట్టూ పెట్టుకుంటారు, అది ఎదురుగా చూసినప్పుడు. బాగా ఏటవాలుగా చూస్తే తగ్గుతుంది, కెమెరా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. టేపు ముఖాన్ని ఏదోలా సందులోంచి చూసి అంకె రాసుకుంటే మళ్లీ మోసపోతారు. లేజర్ కాంతి తిరిగి కొట్టేది కూడా ఉంటుంది, కింది పొర మీద పడింది కొంత టేపు మీదకి ఎగురుతుంది, టేపు మీద పడింది కిందకి. టేపుకి ఎంత, కింది పొరకి ఎంత అనే మీ లెక్కలో అది కలవాలి.

సన్నటి కె టైపు థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే) తీగ పొరల మధ్య పెట్టి దాని మీదుగా టేపు పరవండి. తీగ లావుగా ఉంటే దాని వేడి అదే చెప్తుంది కానీ పొర వేడి చెప్పదు, ఇంత తక్కువ కాలాల్లో అది వెనకబడుతుంది. ఎంత సన్నం దొరికితే అంత మంచిది. ఒక్కటి పెట్టి నమ్మకండి, నాలుగైదు పెట్టండి, రెండు ఎలాగూ రోలర్ కింద తెగుతాయి.

జయపురం_జర్మనీ

బ్రహ్మపురం గారు చెప్పిన ప్రతిఫలనం ముఖ్యం, దానికి రే ట్రేసింగ్ (ఒక్కో కిరణం ఎటు పోతుందో లెక్కించడం) చేస్తారు, అద్దంలా ఒక్క దిక్కులో కాకుండా ఫైబర్లు గుండ్రంగా ఉండటం వల్ల విసనకర్రలా విచ్చుకుంటుంది. నీ ఎంటెక్ వరకు అంత దూరం వెళ్లక్కర్లేదు, టేపుకి కింది పొరకి పంపకం ఎంతో తెలియని అంకెగా పెట్టి థర్మోకపుల్‌తో తేల్చుకో. ఉష్ణవాహకత మాత్రం తిప్పొద్దు, అది విడిగా కొలిచిన అంకె, నీ గీత కోసం మారదు.

అడగలేదు కానీ చెప్తున్నాను, ఈ పని ఊరికే ల్యాబు ముక్కలకే కాదు. యూరప్‌లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వ్యాసం ఉన్న విమానం డొల్ల (మనుషులు కూర్చునే గొట్టం లాంటి భాగం) నమూనా థర్మోప్లాస్టిక్‌తో చేశారు. పై సగాన్ని ఆగ్స్‌బర్గ్‌లో డీఎల్ఆర్ (జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ) వాళ్లు లేజర్ టేపుతోనే పరిచారు, ఆటోక్లేవ్ లేకుండా. అందులో పీక్ కాదు, 305 దగ్గరే కరిగే దాని చుట్టం వాడారు.

వంశధార_ఒడ్డు

అందరికీ మళ్లీ నమస్కారం. కాలేజీకి వచ్చి మూడు వారాలైంది. అయిదు థర్మోకపుల్స్ పెట్టాం, రెండు తెగాయి, మీరు చెప్పినట్టే. మిగిలిన మూడూ 200 వేగంలో కలిసే చోట 343 దాటలేదు. చూసినప్పుడు చేతులు వణికాయి, ఎందుకంటే పాత మోడల్‌ని ముగ్గురి ముందు సరైనదని వాదించాను.

తర్వాత లేజర్ తలని కాస్త పైకి వంచి టేపుకి వాటా పెంచాం. కింది పొరతో పోలిస్తే టేపుకి దక్కేది 0.62 నుంచి 0.79కి పెరగాలని లెక్క చెప్పింది. సరిగ్గా అంతే వచ్చిందో లేదో చెప్పలేను కానీ ఆ దిక్కులోనే జరిపాం, రోలర్ నీడ తగ్గేటట్టు లేజర్ వెలుగు పడే మచ్చని కూడా ముందుకి తెచ్చాం. కొత్త ముక్క నిన్న లాగి చూశాను. తేలిగ్గా రాలేదు. పట్టకారుతో లాగితే గరుగ్గా చిరిగింది, రెండు ముఖాల మీదా పీచులు లేచి ఉన్నాయి, ఒక చోట కింది పొర ఫైబర్లు టేపుతో పాటు ఊడి వచ్చేశాయి. ఫోటో తీసి ముందు ఇంటికి పంపాను, అమ్మకి ఏమీ అర్థం కాలేదు, నేను సంతోషంగా ఉన్నానని మాత్రం అర్థమైంది.

గైడ్ గారు కాంటాక్ట్ రెసిస్టెన్స్ గురించి అడిగారు. కింద అచ్చుకి (పొరలు పరిచే పలక), మొదటి పొరకి మధ్య పెట్టాను, ఎందుకంటే అక్కడ ఒత్తి అతకలేదు, గాలి సందు ఉంది. కరిగి కలిసిన పొరల మధ్య పెట్టలేదు. ఈసారి జవాబు చెప్పగలిగాను.

కొమ్ముపని_ఇంటివాణ్ణి (పర్లాకిమిడి)

నాన్నకి చదివి వినిపించాను. పీచులు లేచాయన్న చోట ఇంకోసారి చదవమన్నారు.

జయపురం_జర్మనీ

చాలా సంతోషం చెల్లీ. ఇప్పుడు అచ్చు వేడి సంగతి చూడు. మీది అల్యూమినియం పలక చల్లగా ఉంచి చేస్తున్నారనుకుంటాను. రోలర్ కింద నుంచి సెకనుకి వందల డిగ్రీల చొప్పున చల్లారిపోతుంది, పీక్ స్ఫటికం కట్టుకోవడానికి వ్యవధి ఉండదు. ఆటోక్లేవ్‌లో 30 శాతం దాకా వచ్చేది ఇక్కడ 20 లోపే ఆగుతుంది. అచ్చుని 143 పైకి, అంటే పీక్ గాజులా బిగుసుకునే ఉష్ణోగ్రత దాటించి ఉంచి చూడు. అప్పుడు నీ మొదటి ఉష్ణోగ్రత 25 కాదు, పవర్ లెక్కంతా మళ్లీ వేసుకోవాలి. పొరలు పెరిగేకొద్దీ కింద వేడి మిగిలిపోతుంది కూడా, అచ్చు దగ్గరి పొరకి సరిపోయిన పవర్ ఎనిమిదో పొరకి ఎక్కువవుతుంది.

వంశధార_ఒడ్డు

అచ్చు కింద పెట్టడానికి హీటర్ ప్యాడ్ ఆర్డర్ పెట్టాం అన్నా, పది రోజుల్లో వస్తుందన్నారు. ఈలోపు 150 నుంచి మొదలుపెట్టి ప్రోగ్రామ్ నడిపి, అంకెలు ఈ చర్చలోనే పెడతాను. మాస్టారూ, మీరు కాగితం మీద ముందే వేసి ఉంచండి, పోల్చి చూసుకుందాం.

మహేంద్రతనయ_మాస్టారు (పర్లాకిమిడి)

ఇప్పుడే వేశాను. 150 నుంచి 420కి ఎక్కడానికి కావలసిన వేడి, 25 నుంచి ఎక్కడానికి కావలసిన దానిలో మూడింట రెండు వంతులు. నీ అంకె వచ్చాక చెప్పు.